తలుపు లోపలి వైపు

"తలుపు చూసేదానికి జమ్మలమడుగు దాకా పోతాండావా? మనింట్లో తలుపులు లేవా?" అన్నాడు భర్త యాకోబు, ఉగ్గాని ప్లేటు ముందుకు లాక్కుంటూ.

ఎస్తేరు మధ్యాహ్నానికి అన్నం, పప్పు, అత్త సుశీలమ్మకు కారం తక్కువ కూర వండి మూతలు పెట్టింది. ప్రొద్దుటూరులో ఇంటి నుంచే హైదరాబాదు కంపెనీకి, వీడియో గేముల్లో కనిపించే వస్తువులను కంప్యూటర్లో తయారుచేసే పని ఆమెది. చుట్టాలొస్తే "మా కోడలు కంప్యూటర్లో ఆడుకుంటా ఉంటాది" అంటుంది సుశీలమ్మ. ఆ మాటకు నవ్వడం కూడా ఎస్తేరు ఇంటిపనుల్లో ఒకటి. ఈసారి గేము ఫ్యాక్షన్ కథ. గొడ్డలి దెబ్బలు తిన్న తలుపును పై అధికారి నూరుల్లా తొలిసారిగా ఆమె ఒక్కదానికే అప్పజెప్పాడు. నెట్లో దొరికిన తలుపులన్నీ సినిమా సెట్లలా ఉన్నాయి. నిజమైన దెబ్బ చెక్కలో ఎట్లా దిగుతుందో చూడకుండా చెయ్యి ముందుకు కదల్లేదు.

జమ్మలమడుగులో బస్సు దిగి, అట్లాంటి తలుపు ఇంకా ఉందని విన్న పల్లెకు ఆటోలో చేరింది. ఇల్లు గొర్రెలు కాసే పెంచలయ్యది. ఆయన పోయాక భార్య అంకాలమ్మ ఒక్కతే ఉంటోంది. టేకు తలుపు మీద ఒక పార్టీ రంగు, పెచ్చులూడినచోట అడుగున ఇంకో పార్టీ రంగు. ఎండ ఏటవాలుగా పడి గాట్లు తేలేదాకా ఆగి, ఎస్తేరు దగ్గర నుంచీ దూరం నుంచీ ఫొటోలు తీసింది.

"లోపల చూడవా పాపా? వచ్చినోళ్లంతా బయటే తీసుకోని పోతారు."

అంకాలమ్మ ఆమెను లోపలికి పిలిచి తలుపు మూసింది. చీకట్లో, భుజమెత్తున ఉన్న చీలికలోంచి వెలుగు సన్నగా లోపలికి దిగింది.

"ఆ పొద్దు ఎదుటి పార్టీవోళ్లు మీదికొస్తే గడియ ఇరిగిపాయ. నా మొగుడు దొడ్డిదావన ఉరికిపాయ. నేనూ మా అత్తా వీపులానించి నిలబడితిమి. గొడ్డలి ఈడ దిగె," అంటూ రవిక జరిపి భుజం మీది మచ్చ చూపింది.

"భయం కాలేదా అవ్వా?"

"ఎందుకు కాదు? మా అత్త నా చెయ్యి పట్టుకోని, రేపు గొర్రెల్ని యాడికి తోలాలో చెప్తానే ఉన్నె."



"మరి తాత?"

"టేకు తలుపు నా పాణం కాపాడిందని సచ్చేదాకా చెప్పుకునె. దానికి కుంకుమ పెట్టిచ్చె. ఎలచ్చన్లప్పుడు పార్టీ మారె. గొడ్డలి పట్టుకొచ్చినోళ్లే ఈ వాకిట్లో చెప్పులిడిసి లోపలికొచ్చిరి. కాఫీలు నేనే ఇస్తి."

ఎస్తేరు చెక్క మీద అరచెయ్యి పెట్టింది. బయట అంత బలగం, లోపల గొర్రెల మాటలు చెప్పుకుంటున్న రెండు వీపులు. ఇంత ధైర్యం ఈ ఊళ్లో కాఫీ గ్లాసులు కడుక్కుంటూ బతికిందా? పోలీసులు, పేపరువాళ్లు, ఎంతమంది ఈ గడప దాకా వచ్చి వెనక్కి తిరిగిపోయారో. తాను కూడా బయటి ఫొటోలతో పోయేదే.

"ఫొటోలో తలుపు కొలత తెలియాలంటే పక్కన మనిషి ఉండాలవ్వా. నిలబడతావా?"

అంకాలమ్మ వీపానించింది. ఎవరూ చెప్పకుండానే మడమలు నేలలోకి తన్నిపట్టింది. ఎస్తేరు ఫొటో తీసింది.

తిరుగు బస్సులో యాకోబు ఫోను. "ఒక తలుపుకు ఇంతసేపా? రొట్టెలకు పిండి కలపల్ల."

"డబ్బా పొయ్యి పక్కనే ఉండాది. కలుపుకో. నాకు పనుంది."

అట్లా అన్నందుకు ఆమెకే ఆశ్చర్యమేసింది. ఆ ఆశ్చర్యం తీరకముందే నూరుల్లాకు ఫోను చేసింది.

"తలుపు దొరికింది సార్. కానీ దాన్నొక్కదాన్నే అయితే చెయ్యను, ఇంకెవరికైనా ఇచ్చుకోండి. లోపల ఇద్దరు ఆడవాళ్లుండారు. వాళ్లు లేకుంటే అది ఎప్పుడో తెరుచుకునేది."