ముప్పై ఐదో ప్రశ్న

"కాదు అని పెట్టెయ్యే. మనమేమన్నా మనిషిని చంపినామా?" అన్నాడు శ్యాంసన్, గోంగూర దూస్తున్న దీవెన ముందు ఫోను పెడుతూ.

ఆ "మనం" అన్న మాటకు దీవెనకు నవ్వొచ్చింది. పెళ్ళయి రెండు నెలలే. మార్కాపురంలోని ఆ రెండు గదుల ఇంట్లో ఆమెకు అన్నీ కొత్తే, అన్నీ ముద్దే. గడప దగ్గర ఆనుకుని ఉండే రెండు జతల చెప్పులు, తన పేరు పక్కన అతని పేరు చెక్కిన స్టీలు గిన్నెలు, పాఠాలు చెప్పి అలిసొచ్చి కూడా ఆమె జడకు రబ్బరు బ్యాండు తనే వేస్తానని అతను చేసే గొడవ. నవ్వుతూనే ఫోనులోకి చూసింది. ఆకు దూసే చెయ్యి ఆగింది.

విమాన సంస్థలో పైలట్ ఉద్యోగానికి దరఖాస్తు అది. సాయంత్రం ఆరింటికి గడువు. ముప్పై నాలుగు ప్రశ్నలకు జవాబులు నింపింది. ఆఖరిదొక్కటే మిగిలింది. శిక్షణలో ఎప్పుడైనా పరీక్ష తప్పారా, విమానానికి నష్టం జరిగిందా అని. కింద రెండు గుండ్రాలు: అవును, కాదు.

రెండేళ్ళ కిందటి మాట. తన ఊరు తర్లుపాడు నుంచి స్కాలర్‌షిప్పు మీద వేరే రాష్ట్రానికి పోయి విమానం నేర్చుకుంటున్న రోజులు. ఆ రోజు పరీక్ష. పక్క సీట్లో ఎగ్జామినర్, తండ్రి వయసు మనిషి. రన్‌వే దగ్గరపడేసరికి విమానం ఉండాల్సిన దానికంటే ఎత్తుగా, వేగంగా ఉంది. అట్లా ఉన్నప్పుడు దిగకూడదు. "గో అరౌండ్" అని ఒక్క మాట అని, మళ్ళీ పైకి లేపి చుట్టు తిరిగి రావాలి. ఆమెకు తెలుసు. కానీ పెద్దాయన పక్కనుండగా తను ముందు నోరు తెరవొచ్చా? ఆయనే చెప్తారులే అని ఆగింది. ఆయన ఈమె చెప్తుందేమోనని ఆగాడు. "పెద్దోళ్ళుండంగా నీకేందే మాట?" అంటూ నాయనమ్మ వేసిన మొట్టికాయలన్నీ ఆ నాలుగు క్షణాల్లో వచ్చి ఆమె నాలుక మీద కూర్చున్నాయి. విమానం నేలకు కొట్టుకుని ఎగిరింది. ప్రొపెల్లర్ అంచు రన్‌వేను గీసింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. నెల తర్వాత మళ్ళీ పరీక్షకు పోయి నెగ్గింది కూడా. అయినా వంటింట్లో మూత జారి పడితే చాలు, ఆ చప్పుడు వెన్నులో పాకుతుంది.

అవునంటే, మచ్చలేని వందల మందిని వదిలి తననెందుకు పిలుస్తారు? కాదంటే, శిక్షణ రికార్డు తెప్పించుకుంటారట. "తప్పినోళ్ళనన్నా తీసుకుంటారు గానీ దాచినోళ్ళను గడప తొక్కనియ్యరు" అని తనతో చదివిన వాణి చెప్పింది. అటు నుయ్యి, ఇటు గొయ్యి. ఎటు పడినా ఇక ఆకాశం ఉండదు. జీవితమంతా గోంగూర ఉంటుంది.

"ఏందిరా, ఏందో తప్పంటుండారు?" అంటూ అత్త కరుణమ్మ వచ్చి పక్కన కూర్చుంది. కొడుకు చెప్పింది విని పెదవి విరిచింది. "ఆడపిల్ల తప్పు కొంగున ముడేసుకోవాలమ్మే. దండోరా ఏస్తారా ఎవరన్నా?"

"మరి మామ ఆదివారం ఆదివారం సాక్ష్యం చెప్తాడు గదత్తా?"

నోరు జారింది. మామ యోసేపు ఒకప్పుడు పలకల గనిలో కూలి, పచ్చి తాగుబోతు. ఇప్పుడు చర్చి మందిరంలో సాక్ష్యమంటూ లేచి నిలబడి, "ఈ చేత్తోనే కరుణమ్మను గొడ్డును బాదినట్టు బాదినాను. ప్రభువు నన్ను మార్చినాడు" అని కళ్ళనీళ్ళతో చెప్తాడు. అందరూ స్తోత్రం అంటారు. అట్లా చెప్పీ చెప్పీ సంఘ పెద్ద అయ్యాడు. ఆడవాళ్ళ వైపు చాప మీద కరుణమ్మ మాత్రం, తప్పు తనే చేసినట్టు తలొంచుకుని కూర్చుంటుంది.

"మగోళ్ళ సంగతి వేరు" అన్నాడు శ్యాంసన్ లేస్తూ. "నీకంటే పెద్దోణ్ణి, నీ మంచికే చెప్తుండా. నీళ్ళ క్యాను తెచ్చేలోపల పంపెయ్."

బండి చప్పుడు వీధి మలుపు తిరిగింది. దీవెన వేలు "కాదు" మీద ఆగింది. కరుణమ్మ కోడలి ఒళ్ళోని గోంగూర కట్ట తన ఒళ్ళోకి లాక్కుంది.

"ఆ దెబ్బలు నావమ్మే" అంది, ఆకు దూస్తూ, తలెత్తకుండా. "చెప్పేది మీ మామ. చెప్పమంటావా అని నన్ను ఒక్కనాడు అడగలా." కాడ పక్కన పడేసి, "ఈ తప్పైతే నీదే గదా. చెప్పేదీ మానేదీ నీ ఇష్టం."

దీవెన "అవును" నొక్కింది. కారణం రాయమని ఖాళీ గడి తెరుచుకుంది. భయం అని రాసి చెరిపేసింది. ఎత్తు ఎక్కువైందని నాకు తెలుసు, పక్కనున్న పెద్దవారు చెప్తారని ఆగాను, చెప్పవలసింది నేను అని రాసింది. పంపింది. ధైర్యమేమీ రాలేదు. ఫోను బోర్లా పెట్టింది, అంతే.

భుజాన క్యానుతో శ్యాంసన్ వచ్చాడు. "పంపినావా? కాదనే గదా?"

"కాదు."

ఫోనులో నొక్కిన మాటే చెప్పిందనుకుని అతని ముఖం విచ్చుకుంది. "అదీ! నా మాట ఇంటావని నాకు తెలుసు."

ఆ నవ్వంటే ఆమెకు ప్రాణం. ఈ ఒక్క మాట ఇట్లాగే వదిలేస్తే ఆ నవ్వు ఇంకొన్నాళ్ళు తనదే.

"బావా," అంది, అతను క్యాను దించకముందే, "అవునని పెట్టినా."