నాలుగడుగుల అర్ర

గోడలకు నీళ్లు కొట్టడం మనోరమ పని. పొద్దున ఒకసారి, పొద్దువాలే వేళకు ఒకసారి. సిమెంటు పట్టిన గోడ మూడు వారాలు ఆరకూడదని మాణిక్ మేస్త్రీ చెప్పిన రోజున, మామగారు శరణప్ప పటేలు చుట్టూ ఉన్న అందరి మొహాలూ చూసి చివరికి కోడలి దగ్గర చూపు ఆపాడు. "బి.ఎ. చదివిన పిల్ల. తారీఖులు మంచిగ యాదికుంటయి," అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే పని ఆమెదైపోయింది. అప్పటికి లేచింది ఒక్క గోడే. తర్వాత ఒక్కో గోడా లేస్తూ పోయింది, ఆమె నీళ్లు కొడుతూ పోయింది. బావిలోంచి చేదిన నీళ్లు, కాళ్ల కింద బురద, ఎన్ని ఉతుకులు ఉతికినా చీర కుచ్చిళ్లను వదలని ఎర్రమట్టి మరక.

అది డెబ్బై తొమ్మిదో సంవత్సరం. ఊళ్లోని పాత ఇల్లు అన్నదమ్ముల పంపకాల్లో చిన్నదైపోయింది. చిరాగ్‌పల్లి దగ్గర బొంబాయి రోడ్డుకు ఆనుకుని ఉన్న తన చేనులో శరణప్ప పటేలు కొత్త ఇల్లు తలపెట్టాడు. పని అయ్యేదాకా అందరూ అక్కడే రేకుల షెడ్డులో ఉన్నారు. భర్త విరూపాక్ష జహీరాబాదు హైస్కూల్లో సైన్సు టీచరు. పొద్దున స్కూటరు మీద వెళ్లేవాడు, సాయంత్రం వచ్చి చేతులు వెనక్కి కట్టుకుని గోడల చుట్టూ ఒకసారి తిరిగేవాడు. మామగారు నీడలో మంచం వేయించుకుని, వచ్చినవాళ్లకల్లా "ఇల్లు కట్టిస్తున్న" అని చెప్పేవాడు. కట్టించడం అనే మాటలో ఏమేం ఉంటాయో మనోరమకు తెలిసినంత ఆ మంచానికి తెలియదు. పద్నాలుగు మంది పనివాళ్లకు పొద్దున చాయ, మధ్యాహ్నం జొన్నరొట్టెలు, పప్పు. రాయి లారీ వచ్చినప్పుడు అంచులు విరిగినవి వేరు పెట్టించడం. ఇసకను పిడికిట పట్టి, వదిలాక అరచేతికి మట్టి అంటుతోందా అని చూడడం. కిటికీ ఎత్తెంత, గూడు ఎక్కడ అని మాణిక్ అడిగేది కూడా ఆమెనే. ఒకసారి రెండు వరసల రాయి వంకర పోయిందని ఆమె చెబితే, మాణిక్ దారం పట్టి చూసి మాట్లాడకుండా విప్పి మళ్లీ కట్టాడు. ఆ రాత్రి అన్నం దగ్గర విరూపాక్ష అడిగాడు. "పొద్దంత ఆడ నిలబడి ఏం చేస్తవ్ నువ్వు? పని మేస్త్రీ చేస్తడు గద." మనోరమ అతనికి ఇంకో రొట్టె వేసింది.

ఇంత ఇంట్లో ఆమె తనకంటూ అడిగింది ఒకటే. నాలుగడుగుల వెడల్పు, ఐదడుగుల పొడవు ఉన్న పాయిఖానా.

సంగారెడ్డిలో పుట్టి, హైదరాబాదులో హాస్టల్లో ఉండి చదువుకున్న మనిషి. పెళ్లయి పదకొండేళ్లు. ఈ పదకొండేళ్లూ, ఊళ్లో ఉన్నప్పుడు కూడా, తెల్లారకముందే అత్తగారు భాగీరథమ్మ వెంట చెంబు పట్టుకుని ఈ చేలోకే పోయింది. బొంబాయి రోడ్డు మీద లారీ వచ్చినప్పుడల్లా ఆ వెలుగు చేను మీద పడుతుంది. వెలుగు పడగానే కూర్చున్న ఆడవాళ్లందరూ లేచి నిలబడాలి, లారీ పోయాక మళ్లీ కూర్చోవాలి. లేవడం, కూర్చోవడం. కూతురు గిరిజను కడుపుతో ఉన్న తొమ్మిది నెలలూ అట్లాగే లేచింది, కూర్చుంది. పగలు అవసరం పడితే చీకటిపడే దాకా ఆగాలి. ఆగడానికి సులువుగా ఉంటుందని నీళ్లు తాగడం మానేసింది. మూత్రంలో మంటలు పుట్టి దవాఖానాకు పోతే డాక్టరమ్మ నీళ్లు బాగా తాగమంది. ఇంటికి వచ్చాక ఆ మాట చెబితే విరూపాక్ష "తాగు మరి, ఎవరొద్దన్నరు?" అన్నాడు. తొమ్మిదో తరగతి పిల్లలకు అతను ప్రతి ఏడూ నల్లబల్ల మీద సెప్టిక్ ట్యాంకు బొమ్మ గీస్తాడు. బయటికి పోతే కడుపులో పురుగులు ఎట్లా వస్తాయో చెబుతాడు. టీచర్లకు స్కూలు వెనక ఒక పాయిఖానా ఉంది. ఇన్నాళ్లూ ఆడవాళ్లకు చాటు అంటూ ఉన్నవి చేను గట్టున తుమ్మచెట్లు. ఇంటికి పునాది తీసేటప్పుడు మొదట కొట్టేసింది వాటినే.

మనోరమ అడిగినప్పుడు మామగారు తలెత్తలేదు. "తినే ఇంట్లనే పాయిఖానానా? పట్నం నవాబులకుంటయి అసుంటియి." అత్తగారు నవ్వింది. "మేం పోలేదా? యాభై ఏండ్ల సంది పోతున్న. నా కాళ్లేమన్న అరిగినయా?" అరిగాయి. రోజూ చేలో లేచేటప్పుడు కోడలి భుజం పట్టుకుని గానీ ఆమె లేవలేదు. ఆ మాట మనోరమ అనలేదు. విరూపాక్ష ఒక ఉపాయం చెప్పాడు. "గిరిజ పేరు చెప్పి అడుగు. ఆడపిల్ల పెద్దగైతుందంటే నాయన ఒప్పుకుంటడు." మనోరమ ఒప్పుకోలేదు. ముప్పై రెండేళ్ల మనిషికి ఈ అవసరం ఉందని చెప్పడానికి పదేళ్ల పిల్లను ముందు నిలబెట్టాలా? "నాకు కావాలె," అంది.

చివరికి ఒప్పుకున్నది ఆమె కోసమూ కాదు, గిరిజ కోసమూ కాదు. హైదరాబాదులో ఉండే ఆడబిడ్డ భర్త వస్తే ఇబ్బంది పడతాడని. "అల్లుడు చెంబు పట్టుకొని చేన్ల నడుస్తడా?" అన్నాడు పటేలు. సరే, ఎవరి పేరు మీదైతేనేం అనుకుంది మనోరమ. రోడ్డుకు దూరంగా, లారీ వెలుగు సోకని వెనక మూల ఎంచుకుంది. అది ఈశాన్యం అని మాణిక్ గొణిగితే, "అసుంటి నమ్మకాలు మాకు లేవు మేస్త్రీ," అన్నాడు విరూపాక్ష. ఆమెకు ఆ ఒక్క సాయంత్రం భర్త మీద ప్రేమ కలిగింది.

పాయిఖానాలో బిగించే తెల్ల బేసిన్ ఆమే తెచ్చింది. హైదరాబాదులో కొని, పాత చీరలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని వచ్చింది. పటాన్‌చెరువు దాటాక కండక్టరు వంగి చూసి, "అమ్మా, బిడ్డ మంచిగ నిద్ర పోతుంది. టికెట్ తీస్కున్నవా?" అన్నాడు. బస్సంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. దాన్ని దించేటప్పుడు కూలిమనిషి యాదమ్మ వచ్చి చేయి వేసింది. మర్నాడు బేసిన్ బిగించేటప్పుడు తడి సిమెంటు మీద మట్టం పెట్టి చూసింది మనోరమే. ఒక పక్క గోరంత దిగిందని మూడు సార్లు సరిచేయించింది. "చిన్న పటేలమ్మా, సింహాసనం లెక్క కూసోబెడ్తున్నవు గద," అంది యాదమ్మ. "నువ్వు సుత కూసుందువులే," అంది మనోరమ. యాదమ్మ పెద్దగా నవ్వి తట్ట ఎత్తుకుంది. ఆ పొద్దంతా ఆ నవ్వు మనోరమ వెంటే ఉంది.

గృహప్రవేశానికి పది రోజులుందనగా సంగారెడ్డిలో చెల్లెలి పురుడు వచ్చింది. మనోరమ వారం రోజులు వెళ్లింది. తిరిగి వచ్చి, కాళ్లు కడుక్కోకుండానే వెనక మూలకు పోయింది. తలుపు కొత్తగా రంగేసి ఉంది. లోపల నేలంతా నున్నగా షాబాదు బండలు పరిచి ఉన్నాయి. గోడలో గూడు తొలిచి సున్నం వేశారు. సాంబ్రాణి వాసన. వెనక ట్యాంకు కోసం తవ్విన గుంతను రాళ్లతో పూడ్చేశారు. యాదమ్మ ఇసక తట్ట పక్కన పెట్టి వచ్చి నిలబడింది. "రేవణసిద్ధప్ప పటేలొచ్చిండమ్మా, మీ మామకు అన్నదమ్ముల పాలోడు. ఈశాన్యం మూలకు పాయిఖానా ఏంది, అది దేవుని జాగ అన్నడు. రెండ్రోజుల్లనే దేవుని అర్ర అయిపాయె." పూడ్చిన గుంతకేసి చూసి, "ఇగ ఏడికి పోదురమ్మా? తుమ్మలు సుత లేకపాయె," అంది. మాణిక్ దూరం నుంచే చూసి తల దించుకున్నాడు. "పటేలు చెప్పిండు, సారు ఊ అన్నడు. నేనేం చేద్దునమ్మా," అన్నాడు.

ఆ సాయంత్రం విరూపాక్ష ఆమెను ఇంటి వెనక్కి పిలిచాడు. పెద్ద సాయం చేసినవాడి మొహం పెట్టాడు. "బేసిన్ పలగ్గొట్టి తియ్యమన్నడు నాయన. నేనే వద్దన్న. మాణిక్‌తోని మొరం నింపించి, మీద బండలు పరిపించిన. అమ్మకు తెల్వది, నాయనకు తెల్వది. నీ కోసమే. తర్వాత బండలు లేపుకుంటే అయిపాయె."

"తర్వాతంటే ఎప్పుడు?"

అతను అటూ ఇటూ చూశాడు. "అమ్మ ఉన్నన్ని దినాలు దేవుని అర్ర కదపలేం గద. ఇంక ఎన్నేండ్లుంటది చెప్పు ఆమె. ఆమె పోయినంక మన ఇష్టం. జర ఓపిక పట్టు."

చెడ్డగా చెప్పలేదు. అదే ఆమెను ఎక్కువ బాధించింది. గొంతులో కోపం లేదు, మోసం చేస్తున్నానన్న బెరుకు కూడా లేదు. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లను ఒకేసారి సంతోషపెట్టినవాడి తృప్తి ఉంది. తల్లికి దేవుడు, పెళ్లానికి బేసిన్. ఒకటి పైన, ఒకటి కింద. మధ్యలో ఒక చావు. తల్లి చావు గురించి కొడుకు అంత మామూలుగా, తుమ్మచెట్లు కొట్టించడం గురించి మాట్లాడినట్టు ఎట్లా మాట్లాడగలిగాడు? ఎట్లాగంటే, ఎదురుచూడాల్సింది అతను కాదు. రోజూ పొద్దున స్కూటరెక్కి వెళ్లిపోయేవాడికి తర్వాత అన్న మాట బరువుండదు. ఆ తర్వాతను రోజూ చెంబుతో మోయాల్సింది తను.

మర్నాడు తెల్లవారుజామున అత్తాకోడళ్లు చేలోకి పోయారు. చాటు లేదు. రెండు సార్లు లారీ వచ్చింది, రెండు సార్లు లేచారు. రెండోసారి భాగీరథమ్మకు మోకాలు పట్టేసి, సగం లేచి ఆ వెలుగులో అట్లాగే ఉండిపోయింది. మనోరమ తన చీర కొంగు విప్పి అడ్డం పట్టింది. లారీ పోయాక ముసలామె ఆయాసపడుతూ కోడలి భుజం మీద చెయ్యి వేసింది. "శివా, కాళ్లల్ల సత్తువ లేదు బిడ్డా," అంది. అప్పుడు మనోరమ మనసులో ఒక ఆలోచన మెదిలింది. ఈ చెయ్యి నిరుటికంటే బరువు తగ్గింది. ఎన్నాళ్లుంటుంది? రెండేళ్లా, ఐదేళ్లా? ఆ ఆలోచన పూర్తయ్యాక గానీ అది ఏం ఆలోచనో ఆమెకు అర్థం కాలేదు. అర్థమయ్యాక భుజం మీద చెయ్యి కాలినట్టయింది. ఒక్క రాత్రిలో తనూ లెక్క మొదలుపెట్టింది. ఇంక రోజూ ఈ చేతిని పట్టుకుని లేపుతుంది, రోజూ దాని బరువు చూస్తుంది. అత్తగారు దగ్గినప్పుడల్లా చెవి అటే పోతుంది. అత్తగారి మీద ఆమెకు ప్రేమ ఉందని చెప్పలేం. పదకొండేళ్లలో ఆమె అన్న మాటలు ఒక్కటీ మరచిపోలేదు. అయినా ఒక మనిషి చావు కోసం కాచుకుని కూర్చునే ఆడదాన్ని చేశాడు తనను, ఆమె కన్న కొడుకే, తన మంచి కోసమే.

సోమవారం గృహప్రవేశం. మామిడి తోరణాలు కట్టారు. పెద్దర్రలో జంపఖానా మీద కోహీర్ నుంచి, రాయికోడ్ నుంచి వచ్చిన చుట్టాలు కూర్చున్నారు. "పదకొండు నెలల్ల కట్టిచ్చిన," అని శరణప్ప పటేలు చెబుతున్నాడు. "ఒక్క పగులు లేదు సూడు గోడకు." రేవణసిద్ధప్ప గోడను అరచేత్తో నిమిరి, "నీళ్లు మంచిగ పట్టినయి," అన్నాడు. మాణిక్‌కు శాలువా కప్పారు. యాదమ్మకు రవికెగుడ్డ పెట్టారు. మనోరమ పొద్దుటి నుంచి పొయ్యి దగ్గరే ఉంది. పాలు పొంగాయి. జంగమయ్య మంత్రం ఆపి, "ఇంటి కోడలు దేవుని అర్రల దీపం పెట్టాలె," అన్నాడు.

అర్రలో భాగీరథమ్మ అప్పటికే కూర్చుని ఉంది, బసవన్న ఇత్తడి విగ్రహం ముందు, కాళ్లు చాపుకుని. మనోరమ వెలిగించిన దీపం పట్టుకుని వచ్చి గడప బయట ఆగింది. వెనక మామగారు, భర్త, జంగమయ్య, చుట్టాలు. అందరూ ఆమె కాలు లోపల పడటం కోసం చూస్తున్నారు.

"అత్తమ్మా," అంది మనోరమ. గొంతు పెంచలేదు. "మీరు కూసున్న బండల కింద నా బేసిన్ ఉన్నది. తియ్యలేదు. మీరు పోయినంక తీపిస్తనన్నడు మీ కొడుకు. మీరెప్పుడు పోతరా అని ఎదురుచూసుడు నాతోని కాదు."

జంగమయ్య చేతిలో గంట ఒకసారి దానంతటదే మోగి ఆగింది. "ఏం మాట్లాడుతున్నవే!" అన్నాడు శరణప్ప పటేలు. విరూపాక్ష "అమ్మా, అది గాదు," అని మొదలుపెట్టాడు. గుమ్మం దగ్గర మాణిక్ భుజం మీది శాలువా సర్దుకుంటూ నేల చూశాడు. అందరూ ఆ బండలకేసి చూశారు. భాగీరథమ్మ మాత్రం బండలను చూడలేదు. కొడుకును చూసింది. చాలాసేపు చూసింది.

"ఎన్నేండ్లు పెట్టుకున్నవురా నాకు?" అంది.

భాగీరథమ్మ విగ్రహాన్ని తీసి కొంగులో పెట్టుకుని, రెండో చెయ్యి ముందుకు చాపింది. మనోరమ దీపాన్ని గడప మీద పెట్టి, వంగి భుజం ఇచ్చింది. ముసలామె రెండు సార్లు ప్రయత్నించి లేచింది. గడప దాటాక చుట్టాలకేసి గానీ మొగుడికేసి గానీ చూడలేదు. కోడలి భుజం మీద చెయ్యి తియ్యలేదు.

"మేస్త్రీ, ఆ బండలు లేపు," అంది. "నేనింక బతికే ఉన్న."