మూడో ముడి

నేను ఒక గిల్టు తాళిబొట్టును. పుట్టింది చిలకలపూడిలో. రాగిరేకు మీద బంగారు పూత పూసి, రెండు పుస్తెలుగా వంచి, "అసలు బంగారం కూడా ఇంత మెరవదు" అని మురిసిపోయాడు నన్ను చేసినాయన. మెరుపు చూసి మురిసే బుద్ధి మనుషులకు నా పుట్టుకకు ముందే ఉంది కాబట్టి ఆ మాట నేను తలకెక్కించుకోలేదు. అక్కణ్ణుంచి హైదరాబాదు వచ్చి, సినిమాలకూ సీరియళ్లకూ సామాన్లు అద్దెకిచ్చే చోట ఒక రేకుపెట్టెలో చేరాను. పక్కన అట్ట కిరీటాలు, ఉత్తుత్తి పిస్తోళ్లు. అందరిలోకీ తీరిక లేనిదాన్ని నేనే.

ఎలా ఉంటుంది తీరిక! ఈ జనానికి ప్రేమకథలంటే అంత పిచ్చి. అవైనా సాఫీగా సాగితే పనికిరావు. పిల్లకూ పిల్లాడికీ ఇష్టమై, పెద్దలు సరేనంటే ఛానెల్ మార్చేస్తారు. నేను మెడ దాకా వెళ్లాలి, "ఆపండి!" అని ఎవరో అరవాలి, నేను తిరిగి పళ్లెంలోకి రావాలి. అప్పుడు పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా లేవరు. సొంత మొగుడితో పట్టుమని నాలుగు మాటలకు కరువైన ఇల్లాలు, తెరమీద ఎవడో ఎవరి చెయ్యో పట్టుకుంటే కళ్లొత్తుకుంటుంది. నవ్వుదామనుకుంటాను గాని, ఆ కరువు వల్లే కదా నాకీ గిరాకీ.

మా సెట్ల మీద ఒక ఆచారం ఉంది. తాళి కట్టే సీనులో రెండు ముళ్లే వేస్తారు. మూడోది పడకముందే "కట్" అనాలి. మూడూ పడితే అది నిజం పెళ్లయి కూర్చుంటుందని భయం. ఇదంతా బూటకమని బాగా తెలిసినవాళ్లకే ఆ భయం ఎక్కువ.

ఒక సీరియల్‌కు వచ్చిన కొత్త డైరెక్టరు మాత్రం మూడు ముళ్లూ దగ్గరగా చూపించాల్సిందేనన్నాడు. హీరోయిన్ తల్లి ససేమిరా అంది. "పెళ్లికావలసిన పిల్లండీ! దాని మెడలో మూడు ముళ్లూ ఎలా వేయిస్తాను?" ముఖం కనపడదు గదా అని ఆ పిల్ల మెడకు బదులు నూకరత్నం మెడ తెచ్చారు. హీరో ఆ రోజు ఇంకో షూటింగులో ఉన్నాడు, ఆయన చేతులకు బదులు గవర్రాజు చేతులు. ఇద్దరూ అనకాపల్లి వైపువాళ్లు, గుంపు సీన్లలో నిలబడే చిన్న నటులు. అప్పటికే ఒకరి టిఫిను ఒకరు పంచుకునేంత చనువుంది. నూకరత్నానికీ పెళ్లి కాలేదు. ఆ సంగతి ఎవరూ అడగలేదు.

గవర్రాజు చేతులు వణికాయి. రెండు ముళ్లు పడ్డాయి. మూడోది వేస్తూ ఆమె చెవి దగ్గరకు వంగి, "ఇది డైరెక్టరు కోసం కాదు రత్నం, నాకోసం ఏస్తన్నాను" అన్నాడు. ఆమె ఒళ్లు జలదరించడం నాకు తెలిసింది. నేను గిల్టునని ఆ కాసేపు నాకే గుర్తు లేదు. షాటు అయ్యాక సామాన్లాయన కత్తెర పట్టుకొస్తే ఆమె దగ్గరికి రానివ్వలేదు. "తాడు తెంపకు బాబాయ్, నీకు పున్నెం ఉంటాది" అని తల మీదుగా తీసి, కళ్లకద్దుకుని ఇచ్చింది.

ఆ సీను దుమ్ము రేపింది. ఆ చేతుల వణుకు చూసి ఊరూరా ఆడవాళ్లు హీరోకు దిష్టి తీశారట. పాత సంగతులు తలుచుకునే ప్రతి ఎపిసోడ్‌లోనూ అదే వేశారు. "మా ఈదిలో అందరూ ఏడుస్తారక్కా. ఆ మెడ నాదని నేను సెప్పనేదు. నాలో నేనే నవ్వుకుంటాను" అని నూకరత్నం మేకప్పు గదిలో చెబుతుంటే విన్నాను. కార్తీకంలో సింహాచలం తీసుకెళ్లి అసలు తాళి కడతానన్నాడట గవర్రాజు. అది నమ్మి, ఊళ్లో అక్క తెచ్చిన సంబంధం వద్దనేసింది. ప్రేమకథలు తీసే చోట బతుకుతూ ప్రేమను నమ్మింది, పిచ్చిది.

కార్తీకం వెళ్లిపోయింది. మాఘంలో గవర్రాజు ఊరెళ్లి మేనమామ కూతుర్ని చేసుకొచ్చాడు.

ఈలోగా సీరియల్లో జంటను విడదీశారు. మళ్లీ కలపకపోతే చూసేవాళ్లు ఊరుకునేలా లేరని రెండోసారి పెళ్లి పెట్టారు. అదే మెడ, అవే చేతులు కావాలన్నాడు డైరెక్టరు. రానంటే రేపు ఇంకే పనికీ పిలవరు. నూకరత్నం వచ్చి పీట మీద కూర్చుంది. లైట్లు సర్దుతున్నారు. నేను పళ్లెంలో అక్షింతల మీద ఉన్నాను. ఆమె తల తిప్పకుండానే అడిగింది.

"ఆ మూడో ముడి ఎవరికోసం ఏసినావు, గవర్రాజూ?"

"సూటింగులో ఏసిన ముడికి లెక్కేటి రత్నం? అలాగైతే ఈ ఊర్నిండా నా పెళ్లాలే ఉండాల" అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "మాయమ్మ పురుగుల మందు తాగేస్తానంది. నన్నేటి సెయ్యమంటావు?"

ఈ డైలాగు నేను ఎన్ని సీరియళ్లలో విన్నానో! ఏ హీరో కూడా దానికి ఇంత తేలిగ్గా లొంగలేదు. నూకరత్నం తల వంచి, "సరే, కట్టు" అంది.

మూడు ముళ్లూ పడ్డాయి. ఈసారి చేతులు వణకలేదు. ఆమె కన్నీళ్లు గడ్డం కిందుగా జారి, మెడ తడిపి, నా మీదికి వచ్చాయి.

"కట్, కట్! మెడ మీద నీళ్లేమిటయ్యా, లైటుకు మెరుస్తున్నాయి!" అని అరిచాడు డైరెక్టరు. "ఏడుపు హీరోయిన్‌గారిదమ్మా. నీ ముఖం అసలు ఫ్రేములోనే లేదు. తుడవండి. ఇంకోసారి తీద్దాం."

ఇంకోసారంటే ముళ్లు విప్పాలి. గవర్రాజే విప్పాడు. ముందు మూడోదే విప్పాలి కదా, అది తడికి బిగుసుకుపోయి ఓ పట్టాన రాలేదు. గోరు పెట్టి లాగాడు. మేకప్పు మనిషి మెడ తుడిచి పౌడరు అద్దింది. నూకరత్నం మళ్లీ తల వంచింది.

రెండోసారి ఆమె మెడ తడవలేదు. ఆ షాటే ఓకే అయింది.