టెంక ముక్క

పొలం మొత్తంగా కొనేవాడు దొరకడని, ముక్కలు చేస్తే దేని బేరం దానికొస్తుందని బ్రోకరు వేసవంతా మా చెవుల్లో జోరీగలా రొద పెట్టాడు. సరే కానిమ్మని, ముగ్గురం తలో ముక్కా పంచుకుందామనుకున్నాం. పొద్దున్నే సర్వేయరు టేపుతో దిగాడు. ముగ్గుపోసినట్టు గీతలు పోయమని సున్నం డబ్బా నా చేతికిచ్చారు. ఎక్కడ గీయాలో చెప్పాల్సిందీ నేనేనట. పట్నంలో ఉద్యోగాలు చేసుకునే నా తమ్ముళ్ళిద్దరికీ ఈ నేలలో మెరక ఏదో పల్లం ఏదో తెలియదు. నాన్న పోయాక సేద్యమంతా నా నెత్తినే పడింది మరి.

మా ఇంట్లో నాన్న పెట్టిన పద్ధతి ఒకటుంది. కోసినవాళ్ళు ఆఖర్న తీసుకోవాలి. చిన్నప్పుడు కత్తి పట్టే వయసు నాకొక్కదానికే ఉండేది. మామిడిపండు కోస్తే రెండు చెక్కలు, ఒక టెంక. చెక్కలు తమ్ముళ్ళు చెరొకటి లాక్కునేవారు. నేను టెంక చీక్కుంటూ కూర్చునేదాన్ని.

పొలమూ అలాగే తెగింది. రోడ్డు పక్కన రెండు ముక్కలు, వెనక బావి ఉన్న ముక్క. బావి ముక్క పల్లం, వానొస్తే మడుగు. ఇల్లు కట్టుకుందామని వచ్చేవాడెవడూ దాని మొహం చూడడు. అది నా వంతుకొచ్చిందంటే చచ్చేదాకా సేద్యమే.

నాకిక సేద్యం వద్దు. మోకాళ్ళు అరిగిపోయాయి. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు మోటారు దగ్గరికి పరుగెత్తీ పరుగెత్తీ ప్రాణం విసిగింది. రోడ్డు ముక్క ఒకటి దొరికితే అమ్మేసి, బస్టాండు వెనక రెండు గదులు తీసుకుని, కుళాయి తిప్పితే నీళ్ళొచ్చే చోట కాళ్ళు చాపుకుని పడుకోవాలని ఉంది. ఆ మాట నోటితో చెప్పొచ్చు కదా అంటారు. "ఈ మట్టి వదిలి నేనెక్కడికీ రాను" అని ఇన్నేళ్ళూ బడాయి పోయినదాన్ని నేనే. ఏ మొహం పెట్టుకుని చెప్పను? అందుకే బావి ముక్కని కాస్త పెద్దదిగా గీశాను, ఇద్దరిలో ఒకడైనా ఆశకి పోకపోతాడా అని.

గీతలన్నీ పడ్డాయి. సర్వేయరు పెన్ను తీశాడు.

"నాకు ఈ చివరి రోడ్డు ముక్క," అన్నాడు పెద్ద తమ్ముడు.

"చిన్నోడా, బావి ముక్క పెద్దదిరా. చూసుకో," అన్నాను, ఏమీ ఎరగనట్టు.

"ఊరుకో అక్కా! అది నీ ప్రాణం. దాని మీద చెయ్యేస్తే నా కళ్ళు పోవూ? నాకు రెండో రోడ్డు ముక్క చాలు."

వీళ్ళు దుర్మార్గులైనా బాగుండేది, నాలుగు తిట్టి నాక్కావలసింది లాక్కునేదాన్ని. ఇంత ప్రేమగా చూసేవాళ్ళతో ఎలా పోట్లాడను?

"అలిసిపోయానురా," అన్నాను.

"పొద్దున్నించీ ఎండలో నుంచున్నావ్ మరి. కాసేపు నీడలో కూర్చో," అన్నాడు పెద్దోడు.

"అయితే రాసేయమంటారా?" అన్నాడు సర్వేయరు.

"రాసేయండి సార్. మా అక్క చిన్నప్పట్నించీ అంతే. మామిడిపండు కోసినా చెక్కలు మాకిచ్చి తను టెంకే తీసుకునేది. టెంకంటే అంత ఇష్టం ఆవిడకి!" అన్నాడు పెద్దోడే.

సున్నం డబ్బా కింద పెట్టేశాను. దాన్ని మొయ్యడానిక్కూడా ఓపిక లేదు.

"టెంకంటే నాకు ఇష్టం లేదు."

"అదేంటక్కా! ఎప్పట్నించి?"

"మీకు పళ్ళొచ్చినప్పట్నించి."

పెద్దోడు నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయాడు. సర్వేయరు పెన్ను పైకెత్తి మా ముగ్గురి వంకా చూస్తున్నాడు. చిన్నోడు బావి వైపు చూశాడు, నా మోకాళ్ళ వైపు చూశాడు. తర్వాత నడిచివెళ్ళి నేను పోసిన గీతని కాలితో చెరిపేశాడు. తిరిగొచ్చి, వంగి సున్నం డబ్బా అందుకున్నాడు.

"ఈసారి నేను కోస్తానక్కా," అన్నాడు.