దారికి అడ్డంగా వేపకొమ్మ

రాజమోహన్ నోరు మూసుకుని ఉండగా చూసినవాళ్లు హైదరాబాదులో ఎవరూ లేరు. మాట దొరికితే చాలు, దాన్ని మెలిపెట్టి వదలడం ఆయన అలవాటు. వినీ వినీ చెవిన పెట్టకుండా వదిలేయడం భార్య సుస్మిత అలవాటు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన నిజంగా చెప్పిన మాటేదో, నవ్వించడానికి చెప్పిన మాటేదో విడదీసి చూసే ఓపిక ఆవిడకు ఎప్పుడో పోయింది.

ఆత్మకూరులో చుట్టాల పెళ్లికి వచ్చారు. "పేరుకే ఆత్మకూరు. బంతిలో ఆత్మలన్నీ కూర్చున్నాయి, కూర ఒక్కటే రాలేదు" అని ఆయన విస్తరి ముందే అనేశాడు. పెళ్లయ్యాక, తమ అపార్ట్‌మెంటులో చాలాకాలం వాచ్‌మన్‌గా చేసి సొంతూరికి వెళ్లిపోయిన పెంచలనరసయ్యను చూసి పోదామని ఉదయగిరి బస్సెక్కారు. అక్కణ్ణుంచి ఆటో. కొండ కింద నాలుగిళ్ల పల్లె. కబుర్లలో పడి చూసుకునేసరికి ఆఖరి ఆటో వెళ్లిపోయింది.

"ఏం కాదు సార్, రాత్రికి ఈడే పండుకోండి. తెల్లారినాక నేనే బండి మీద దించుతాను" అన్నాడు నరసయ్య సంబరంగా.

"ఉదయగిరి అంటే ఉదయం దాకా ఉండమనేగా!" అన్నాడు రాజమోహన్. నరసయ్య నవ్వాడు. సుస్మిత నవ్వలేదు.

ఇంట్లో ఫోను పనిచేయదు. ఎదురుగా ఉన్న వేరుశనగ చేను అవతల ఒక మిట్ట ఉంది. దాని మీదికెక్కితే సిగ్నల్ వస్తుంది. "టవరు లేని ఊళ్లో టవలే దిక్కు" అని చెమట తుడుచుకుంటూ, పొద్దుగుంకే వేళకు రాజమోహన్ బండిదారిన చుట్టూ తిరిగి అక్కడికి వెళ్లాడు. కూతురు లిఖిత ఫోను ఎత్తలేదు. వచ్చేటప్పుడు చేలోంచి నేరుగా ఇంటికి దిగే కాలిబాట పట్టాడు. బాట మొదట్లో అడ్డంగా ఒక వేపకొమ్మ పడి ఉంది. దోమలకు పనికొస్తుందని తీసుకున్నాడు. రెండడుగులు వేశాక మోకాలి కింద ఏదో తీగ తగిలింది. కంచె కాబోలనుకుని దాటి వచ్చేశాడు.

"జీవితంలో ఎన్నడూ అడ్డదారి తొక్కలేదు, ఇవాళ తొక్కాను. సుఖంగా ఉంది! నువ్వూ వచ్చేటప్పుడు అటే రా" అని సుస్మితకు చెప్పాడు. లిఖితతో మాట్లాడి వస్తానని ఆవిడ టార్చి పట్టుకుని బయలుదేరింది. నరసయ్య భార్య వెంకమ్మ బండిదారి దాకా తోడు వెళ్లి, పొయ్యి మీద అన్నం ఉందని వెనక్కి వచ్చింది.

చీకటి పడింది. పాలు పితికి వస్తున్న నరసయ్య, అరుగు మీద కొమ్మతో విసురుకుంటున్న రాజమోహన్‌ను చూసి చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"ఆ కొమ్మ యాడిది సార్?"

"మిట్ట కింద బాటలో పడి ఉంటే తెచ్చాను. ఏం, వేపుడుకు దాచుకున్నారా వేపను?"

నరసయ్య నవ్వలేదు.

"అది పడింది కాదు సార్, వేసింది. అడవిపందులకని కరీముల్లా చేనుచుట్టూ తీగ లాగి, చీకటి పడినాక కరెంటు ఇస్తాడు. కొమ్మ అడ్డంగా ఉంటే ఆ బాటన ఎవురూ పోరు. ఊళ్లో బుడ్డ బిడ్డలకు గూడా తెలుసు. మీకు చెప్పాలనే తోచలా..." నరసయ్య ఇంట్లోకి తొంగిచూశాడు. "మేడమ్ యాడ?"

"మిట్ట మీదికి పోయిందయ్యా! పోయినేడు మన దూడ గూడా అట్నే..." వెంకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చేని అవతలి మూల మోటారు షెడ్డు మీద ఎర్రబల్బు వెలుగుతోంది. తీగలో కరెంటు ఉన్నప్పుడే అది వెలుగుతుంది. స్విచ్చి ఆ షెడ్డులోనే ఉంది. నరసయ్య చెంబు వదిలేసి అటు పరుగెత్తాడు. వెంకమ్మ బండిదారి పట్టింది.

రాజమోహన్ ఇంటివైపు బాట చివరికి వెళ్లి నిలబడ్డాడు. ఇటువైపు కూడా ఒక కొమ్మ వేసి ఉంది, ఇందాక పట్టించుకోకుండా దాటి వచ్చాడు. దాని అవతల తీగ ఉందని తెలుసు, కనపడదు. దూరంగా మిట్ట మీద చిన్న వెలుగు. అది కిందికి దిగుతోంది.

"సుస్మితా! ఆగు! ఇటు రాకు!"

"ఇటే రమ్మన్నారుగా!" కూతురితో మాట్లాడిన హుషారు ఆవిడ గొంతులో.

"తీగలో కరెంటుంది! తగిలితే పోతావు!"

"మీ జోకులకు నేనెప్పుడో పోయాను! ఆకలేస్తోంది, వస్తున్నా!"

వెలుగు ఆగలేదు. "నిజం!" అని అరిచాడు. "ఒట్టు!" అన్నాడు. తీసి గట్టు మీద పెట్టడానికే ఇన్నాళ్లూ ఒట్లు వేసిన మనిషి. ఆవిడ నవ్వు వినిపించింది. ఏ మాట ఎత్తుకున్నా దాన్ని వేళాకోళానికి వాడి ఎప్పుడో అరగదీశాడు. ఇంక గొంతు పెగల్లేదు. చెయ్యి ఊపాడు. చీకట్లో చెయ్యి ఎవరికి కనపడుతుంది?

"ఏమండీ, కూరేం చేశారట?"

జవాబు లేదు.

"ఏమండీ?"

కూర మాటెత్తితే ఏదో ఒకటి తగిలించకుండా ఊరుకున్న మనిషి కాదు. వెలుగు నెమ్మదించింది.

"పలకరేం? ఏమైంది?"

పలకాలనే చూశాడు. వచ్చింది మాట కాదు, ఏడుపు.

వెలుగు ఆగిపోయింది. నేల మీదికి వంగి, అటూ ఇటూ తడుముకుంది. ఆవిడ కాళ్ల ముందే, ఇంకొక్క అడుగు అవతల, సన్నగా ఏదో మెరిసింది. ఆవిడ అరవలేదు. టార్చి మాత్రం కిందపడింది.

ఎర్రబల్బు ఆరడానికి యుగం పట్టింది. "తీసేసినా! అయినా కదలబాకమ్మా, తీగ ముట్టుకోబాక!" అని నరసయ్య కేక. వెంకమ్మ ఆవిడను పొదివి పట్టుకుని బండిదారిన తీసుకొచ్చింది.

కేకలు విని కరీముల్లా వచ్చాడు. నడివయసు మనిషి.

"ఏంది నరసన్నా, కొత్త మనుషులొస్తే ఒక మాట చెప్పేదానికి నీకు నోరు పడిపోయిందా? ఆ తల్లికి ఏమన్నా అయ్యుంటే?"

"కరెంటు పెట్టబాకరా అని నేను మొత్తుకుంటే విన్నావా నువ్వు?"

"పెట్టకపోతే పందులు నాకు చేను మిగిలిస్తాయా?" అంటూనే సుస్మిత ముఖం చూసి తగ్గాడు. "ఈ రాత్రికి ఇయ్యనులే తల్లీ. తింటే తిననీ" అని వెళ్లిపోయాడు.

ఎవరికీ అన్నం సహించలేదు. వాకిట్లో మంచాలు వాల్చారు. కాసేపటికి కొండవైపు నుంచి గురగురలు మొదలయ్యాయి, చేలోకి దిగాయి. చెట్లు పెళ్లగించడం, కాయలు పటపట నమలడం వాకిటి దాకా వినిపిస్తోంది. కరీముల్లా ఇంట్లో దీపం వెలిగింది. ఎవరూ బయటికి రాలేదు.

సుస్మిత భర్త చొక్కా గుప్పిట్లో బిగించి పట్టుకుంది. "ఏదైనా మాట్లాడండి. మీరు ఊరుకుంటే భయంగా ఉంది."

"నేనే కదా నిన్ను అటు రమ్మన్నది" అన్నాడు రాజమోహన్.

ఆవిడ చొక్కా వదల్లేదు. చేలో పందులు నములుతూనే ఉన్నాయి.