అనసూర్య ఇచ్చిన చీర

నా భార్య అనసూర్య నాకు అన్యాయం చేసి పోయింది. ఇది నా అభిప్రాయం కాదు, జరిగిన సంగతి. తన శవం మీద కప్పవలసిన చీరను బతికుండగానే పరాయి మనిషికి ఇచ్చేసింది. నన్ను అడగలేదు. ఆమె పోయిన రోజు వాకిట్లో అందరి ముందు నేను దిక్కులు చూస్తూ నిలబడ్డాను.

మా వైపు ఆడమనిషి పోతే తల్లిగారింటి నుంచి చీర రావాలి. అది కప్పాకే పాడె లేపుతారు. అనసూర్యకు తల్లిగారి వైపు మిగిలినవాడు ఒక్క అన్న. దుబాయికి పోతూ చెల్లెలికి ఆకుపచ్చ చీర పెట్టాడు. తిరిగి శవంగా వచ్చాడు. ఆ చీరను ఆమె ఒక్కనాడూ కట్టలేదు. బీరువా అడుగున దాచి, "నేను పోయిన్నాడు గిది కప్పుండ్రి. మా అన్న తెచ్చిండనుకుంట," అనేది.

దానమంటే నాకు తెలియనిది కాదు. సిరిసిల్లలో మరమగ్గాలు నడిపేవాళ్లలో నా అంత ఇచ్చినవాళ్లు తక్కువ. కొండగట్టు పోయే దీక్షాస్వాములకు ఏటా మా వాకిట్లోనే అన్నదానం. ఫ్లెక్సీ మీద నా పేరు, నా ఫొటో. వంట అనసూర్యది. తెల్లవారకముందే పొయ్యి రాజేసేది. స్వాములు లేచాక గిన్నెలు తోమేది. ఆ తడి చేతులు తుడుచుకుని కండెలు చుట్టడానికి కూర్చునేది. నా మగ్గాలకు నూలు కండెలన్నీ ఆమే చుట్టింది. కూలికి ఎవరినైనా పెట్టుకోమని ఒకరంటే, ఇంట్లో మనిషుండగా కూలెందుకన్నాను. అందులో తప్పేముంది? ఒక ఏడు గిన్నెలు బోర్లిస్తూ అడిగింది: "అన్నం నువ్వు పెట్టినవంటరు. మరి నేనేం పెట్టిన?" పుణ్యం ఇద్దరిదీ అన్నాను. "మరి ఫొటో?" అని నవ్వింది. ఆ నవ్వు ఎందుకో నాకు తెలియలేదు.

అట్లాగని ఆమెది పెట్టే చెయ్యి కూడా కాదు. గోదావరి పొంగి మంథని వైపు ఊళ్లు మునిగినప్పుడు సంఘం వాళ్లు వచ్చి వేలమంది గోస చెప్పారు. సోలెడు బియ్యం పోసి లోపలికి పోయింది. నాకు సిగ్గనిపించి బస్తా ఎత్తించాను. మైకులో నా పేరు చదివారు. ఆమెను అడిగితే, "గంతమందంటే నాకు మొకాలు కనవడయ్," అన్నది. అటువంటి మనిషి వెనక గల్లీ గంగుబాయికి చీర ఇచ్చేసింది.

గంగుబాయి మాకు ఏమవుతుంది? ఏమీ కాదు. ఆదిలాబాద్ అవతల నుంచి, ఇంట్లోవాళ్లను కాదని, మగ్గం నడిపే కూలివాడి వెంట వచ్చిన మనిషి. అనసూర్య ఆమెతో కూర్చుని మాట్లాడగా నేను చూడలేదు. గంగుబాయి చనిపోతే తల్లిగారికి కబురు పోయింది. ఎవరూ రాలేదు. ఎండెక్కుతోంది, శవం వాకిట్లోనే ఉంది. ఆడవాళ్లు అయ్యో అంటూ నిలబడ్డారు. అనసూర్య ఇంటికి వచ్చి, బీరువా తీసి, చీర పట్టుకుపోయి, "గీమె అక్కను నేనే. ఇది తల్లిగారింటి చీర," అని కప్పిందట. సంగతి తెలిసి కసిరాను. నాతో చెబితే కొత్తది కొనిచ్చేవాడిని కదా, నలుగురూ మెచ్చుకునేవాళ్లు కదా అన్నాను. ఆమె నిండిన కండె తీసి ఖాళీది పెట్టుకుంది. "ఆమె అడగలే. అడిగినోళ్లకు పెట్టుడే అయింది గిన్ని దినాలు," అన్నది. అడగనివాళ్లకు ఇవ్వడమేమిటో, అందులో ఏం దొరుకుతుందో నాకు అర్థం కాలేదు. ఇప్పటికీ కాలేదు.

ఆ ఏడు వానాకాలంలోనే అనసూర్య పోయింది. జ్వరమంటూనే కండెల దగ్గర కూర్చుంది, అక్కడే ఒరిగింది. పక్కింటి ముసలామె బుచ్చవ్వ స్నానం చేయించి, తల్లిగారింటి చీరేదని అడిగింది. నేను బజారుకు పోయి దుకాణంలో అన్నిటికంటే మంచిది తెచ్చాను. బుచ్చవ్వ దాన్ని పక్కన పెట్టింది.

"మొగడు తెచ్చింది తల్లిగారి చీరెట్లయితది, బిడ్డా?"

నా అన్నం తిన్నవాళ్లు వాకిలి నిండా ఉన్నారు. చాలామంది పూలదండలు తెచ్చారు. చీర ఎవరూ తేలేదు. అక్కనని, అన్ననని ఒక్కరూ ముందుకు రాలేదు. ఆ చీర లేకుండానే లేపారు.

పదోరోజు బుచ్చవ్వ మళ్లీ వచ్చింది. ఆమె పేరు మీద ఎవరికైనా ఏదో ఒకటి ఇయ్యి, కొన్నది కాదు, ఆమెదే ఇయ్యి అన్నది. ఇల్లంతా వెతికాను. గిన్నెలు అన్నదానానివి. కండెలు చుట్టే మిషన్ మగ్గాలది. బీరువాలో చీరలు పండుగలకు నేను తెచ్చినవి. ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకున్నాను, పెట్టేశాను. ఏది ఆమెదో తేలలేదు. ఉత్త చేతులతో బయటికి వచ్చాను.

బుచ్చవ్వ నా చేతులవైపు చూసింది. "గంగుబాయికని చీర పట్టుకొచ్చిన్నాడు నేనొద్దన్న," అన్నది. "ఇనలేదు. 'ఆ ఇంట్ల నాదని ఇయ్యనీకె గిదొక్కటే ఉన్నది, బుచ్చవ్వా. ఒక్కపారి ఇచ్చి చూస్త' అన్నది."

ఇల్లంతా ఆమెదే కదా అన్నాను. బుచ్చవ్వ చెప్పులు వేసుకుని పోయింది.

ఈ ఏడు స్వాములు వచ్చి అన్నదానం ఎప్పుడని అడిగారు. పెట్టనన్నాను. ఎందుకన్నారు. తలుపు వేసుకున్నాను. ఆమె చేసింది తప్పే. అది ఒక్కసారి రాసి పెట్టాలనుకున్నాను, రాశాను. ఇక ఎవరడిగినా ఆ చీర ఊసెత్తను.