మసి పట్టిన ఫొటో

పొద్దున్న ఏడున్నరకి జొమ్‌సున్ షెడ్డులోకి వచ్చి, ముందు రేకులు నొక్కే మూడో నంబరు ప్రెస్సు మీద చెయ్యి పెట్టి చూస్తుంది. ఆ తర్వాతే కాఫీ. కొరియాలోని చాంగ్‌వన్ ఊరి చివర కార్ల తలుపులకి బందులు కొట్టే ఆ ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లుగా అదే వరస. బేరింగు అరిగినా, గాలి పైపు కారినా "పిన్నీ!" అని ఒక్క కేక వేస్తే చాలు, సంచీ భుజాన వేసుకుని వచ్చేస్తుంది. అయినా హాజరు పట్టీలో ఆవిడ పేరు పక్కన రాసింది మాత్రం హెల్పర్ అనే. సర్టిఫికెట్ లేదుగా మరి!

సర్టిఫికెట్లు ఆఫీసు గోడ మీద మూడు వేలాడుతున్నాయి. మెషిన్లు బాగుచెయ్యడం వచ్చని సర్కారు ఇచ్చే మొదటి మెట్టు కాగితాలవి. వాటి మీది ఫొటోల్లో ఉన్న ముగ్గురినీ ఫ్యాక్టరీలో ఎవరూ ఏనాడూ చూసిన పాపాన పోలేదు. యజమాని ప్యో ఆ కాగితాలని అద్దెకి తెచ్చాడు. ఇల్లు అద్దెకిస్తారు, కుర్చీలు అద్దెకిస్తారు, నేర్చిన విద్యని కూడా అద్దెకిస్తారా? థూ! ఏటా తనిఖీకి వచ్చినవాళ్లు ఆ అద్దాల వంక చూసి తలూపి, ప్యో తెప్పించిన మాంసం నమిలి, పళ్లు కుట్టుకుంటూ పోయేవాళ్లు.

జొమ్‌సున్ కూడా పరీక్షకి కూర్చుంది. మొదటిసారి పరీక్షా, ఆవిడ పుట్టినరోజూ ఒకేనాడు పడ్డాయి. పుట్టినరోజున నాచు సూపు తాగకపోతే ఎలా అని గిన్నెడు తాగి వెళ్లింది. పరీక్ష రోజున ఆ జారుడు సూపు ఎవరైనా తాగుతారా తల్లీ! పరీక్షా జారిపోయింది. తర్వాత మూడుసార్లు సూపు జోలికి పోకపోయినా రాతపరీక్షలోనే పోయింది. ఐదోసారి షెడ్డులో వాళ్లంతా ఈసారైనా అతుక్కోవాలని బంక మిఠాయి తినిపించి పంపితే గట్టెక్కింది. యాభై ఆరేళ్ల మనిషి, ఆ కాగితం గుండెలకి హత్తుకుని వలవలా ఏడ్చింది.

"సార్, ఇకనైనా నన్ను టెక్నీషియన్‌గా రాయండి," అంది.

"రాద్దాంలే. ముందు గోడకి తగిలించు," అన్నాడు ప్యో.

తగిలించిన సాయంత్రానికే ఫొటోలో ఆవిడ చెంపకి గ్రీజు అంటింది, అద్దానికి లోపలివైపు. మర్నాడు నుదుట చెమట పట్టింది. ఎవరూ వింతపడలేదు. ఒళ్లొంచి పనిచేసే మనిషి ఫొటో మాయకుండా ఎలా ఉంటుంది? ప్రెస్సు నడిపే గిహ్యోక్ అద్దం విప్పి తుడిచి బిగించాడు. సాయంత్రానికి మళ్లీ మామూలే. మూడోనాడు నూనె చట్రం దాటి గోడ మీదకి కారింది.

"ఛీ ఛీ! ఏంటమ్మా ఈ రోత?" అని ప్యో ముక్కు మూసుకున్నాడు. "గురువారం మన బందులు కొనే పెద్ద కంపెనీ వాళ్ల తనిఖీ ఉంది. వేరే ఫొటో దిగి పెట్టు."

"పెట్టాను సార్. అదీ మాసింది."

"అయితే తీసెయ్. శుభ్రంగా ఉన్నవి మూడున్నాయిగా. గురువారం నువ్వు చీపురు పట్టుకుని బయటుండు."

"మరి టెక్నీషియన్‌గా రాస్తానన్నారు..."

"గోడ మీద లేనివాళ్లంతా హెల్పర్లే."

ఆ మాట అన్న నోటితోనే ఆయన మధ్యాహ్నం అన్నం ఎలా తిన్నాడో మరి. జొమ్‌సున్ పటం దించి గుడ్డలో చుట్టి, స్పానర్ల సంచీలో పెట్టుకుంది.

గురువారం తనిఖీకి మేంగ్ అనే పెద్దాయన వచ్చాడు. ఆయన మాంసం ముట్టలేదు, తిన్నగా గోడ దగ్గరికి నడిచాడు.

"మా టెక్నీషియన్లు సార్. పదేళ్లుగా ఇక్కడే," అన్నాడు ప్యో.

"పదేళ్లా? ముగ్గురి చెంపలూ పెళ్లికొడుకుల్లా నిగనిగలాడుతున్నాయే!"

ఆ పక్కన ఖాళీ మేకు కనబడింది. దాని కింద గోడ మీద నల్లటి చార. మేంగ్ వేలితో తుడిచి వాసన చూశాడు.

"ఇది ప్రెస్సు గేర్ల నూనె. ఇక్కడ ఎవరి ఫొటో ఉండేది?"

"ఎవరిదీ లేదు సార్. గోడ చెమ్మ."

గుమ్మంలో నిలబడ్డ గిహ్యోక్ వాకిలి వైపు తిరిగి, బేరింగు పోయినప్పుడు వేసే కేకే వేశాడు.

"పిన్నీ!"

చీపురు పారేసి, సంచీతో పరుగెత్తుకొచ్చింది జొమ్‌సున్. "ఏది ఆగింది?"

"ఏదీ ఆగలేదమ్మా," అన్నాడు మేంగ్. జేబులోంచి తన పాత సర్టిఫికెట్ కార్డు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. ఫొటోలో మేంగ్ పాతికేళ్లవాడు. ఎడం చెంప నల్లగా మసి పట్టి ఉంది. "మీది ఎక్కడుంది?"

జొమ్‌సున్ సంచీలోంచి పటం తీసింది. చుట్టిన గుడ్డ నూనెతో తడిసి ముద్దయింది. మేంగ్ దాన్ని ఖాళీ మేకుకి తగిలించి, మిగతా మూడు పటాలూ దించి చంకన పెట్టుకున్నాడు.

"ఈ ముగ్గురినీ మా ఆఫీసుకి పిలిపించండి, మాట్లాడాలి," అన్నాడు ప్యోతో. "మీరూ రండి."

శుక్రవారం హాజరు పట్టీలో జొమ్‌సున్ పేరు పక్కన టెక్నీషియన్ అని రాసి ఉంది. ఆవిడ అది చూసి, మూడో నంబరు ప్రెస్సు మీద చెయ్యి వేసింది.